ఏనుగు సూప్, ఎలుకల టోస్ట్, మా ఊరి ఉసిళ్లు



పోయిన ఎపిసోడ్‌లో నేను బ్యాంకాక్‌లో, ఖావోసాన్ రోడ్డు మీద, పుల్లకి గుచ్చిన తేలు తిన్నాను. కళ్లు మూసుకుని నమిలాను, ఎడిటింగ్‌లో వెనక డప్పు మ్యూజిక్ వేశాను, అంతే. మన ఛానెల్‌లో అంత వేగంగా పరిగెత్తిన వీడియో ఇంకోటి లేదు. "అన్నా, నెక్స్ట్ బొద్దింక" అని అడిగినవాళ్లకి ఇక్కడే చెప్పేస్తున్నా: తినను.

వీడియో పెట్టిన మూడో రోజు మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకడు దాన్ని షేర్ చేశాడు. గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పనివాడు. వీడియో కింద ఒక్క లైను రాశాడు: "ఉసిళ్లోడు గుర్తున్నాడా రా?"

గుర్తున్నాడు. ఆ పేరు పెట్టింది నేనే. ఆ సంగతి చివర్లో చెప్తాను. కానీ ఆ లైను చదివాక నాకో డౌట్ పట్టుకుంది. వింత తిండి తినడం ఎప్పటినుంచి గొప్ప అయింది? ఎవరు తింటే సాహసం, ఎవరు తింటే ఛీ ఛీ? రెండు వారాలు అదే పని మీద కూర్చున్నా. ఉద్యోగంలో ఉన్నప్పుడు బగ్ వెతికినట్టు వెనక్కి వెనక్కి వెళ్లాను. దొరికినవి చెప్తా, వినండి.

ముందు నవ్వొచ్చేది చెప్తా.

న్యూయార్క్‌లో ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ అని ఒకటుంది. 1904లో మొదలైంది. ధ్రువాలకి వెళ్లినవాళ్లు, కొండలెక్కినవాళ్లు, అడవులు తిరిగినవాళ్లు అందులో మెంబర్లు. ఏటా ఒక పెద్ద డిన్నర్ పెట్టుకుంటారు. ఆ డిన్నర్‌కి పేరొచ్చిందే వింత వంటకాల వల్ల. 1951 జనవరి 13న రూజ్‌వెల్ట్ హోటల్‌లో జరిగిన డిన్నర్ అయితే చరిత్రలో నిలిచిపోయింది. ఆ రాత్రి వడ్డించిన మాంసం ముక్కల్లో ఒకటి అలాస్కా వైపు దీవుల్లో మంచులో గడ్డకట్టి దొరికిన ప్రాచీన జంతువుదని ప్రచారం జరిగింది. కొందరు మెగాథీరియం అన్నారు, అంటే ఎప్పుడో అంతరించిపోయిన రాక్షసి స్లోత్. ఒక పత్రిక మామత్ అని రాసింది, అంటే ఒంటినిండా బొచ్చున్న పాతకాలం ఏనుగు. వేల ఏళ్ల నాటి మాంసం తిన్నామని జనం దశాబ్దాల పాటు చెప్పుకున్నారు.

ఇక్కడ మనకి కలిసొచ్చిన విషయం ఏంటంటే, ఆ డిన్నర్‌కి రాలేకపోయిన ఒక మ్యూజియం ఆయన తన వంతు ముక్క దాచిపెట్టమని అడిగి తెప్పించుకున్నాడు. తినలేదు. సీసాలో వేసి, మెగాథీరియం అని లేబుల్ రాసి, మ్యూజియంలో పెట్టాడు. ఆ సీసా చేతులు మారి యేల్ యూనివర్సిటీ మ్యూజియంకి చేరింది. అక్కడి విద్యార్థులు దాని డీఎన్ఏ తీసి చూశారు. 2016లో రిజల్ట్ అచ్చయింది. మామత్ కాదు, స్లోత్ కాదు. పచ్చ తాబేలు!

ఆ రాత్రి మెనూలో పచ్చ తాబేలు సూప్ కూడా ఉంది. అంటే వంటింట్లో ఉన్న మాంసమే ఇంకో పేరుతో ప్లేట్లోకి వచ్చిందన్నమాట. ఆ ప్రచారం నడిపిన పెద్దమనిషి, తాబేలుని స్లోత్‌గా మార్చే మందేదో తన దగ్గరుందేమో అన్నట్టు అప్పట్లోనే సరదాగా రాశాడు కూడా. ఎవరూ పట్టించుకోలేదు. 1951లో థంబ్‌నెయిల్ లేదు కానీ, ఆయన చేసిన పని మాత్రం మేం రోజూ చేసేదే. నన్ను నేను కూడా కలుపుకునే అంటున్నా.

ఇప్పుడు ఇంకో వందేళ్లు వెనక్కి వెళ్దాం. ఇంగ్లండ్.

విలియం బక్‌లాండ్. ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రం చెప్పేవాడు, చర్చి గురువు కూడా. 1824లో మెగలోసారస్ అనే జంతువు ఎముకల్ని వర్ణించి పేరు పెట్టింది ఈయనే. అప్పటికి డైనోసార్ అనే మాట కూడా పుట్టలేదు. అంటే చిన్న మనిషి కాదు. ఈయన పెట్టుకున్న ఇంకో టార్గెట్ ఏంటంటే, జంతు ప్రపంచం మొత్తాన్ని తిని చూడటం. నిజంగా. ఆయన ఇంటికి భోజనానికి వెళ్తే ప్లేట్లో ఏముంటుందో ఎవరికీ తెలియదు. టోస్ట్ మీద ఎలుకలు పెట్టేవాడు. జాన్ రస్కిన్ అనే ప్రసిద్ధ రచయిత, ఒకరోజు వేరే పని పడి ఆ ఎలుకల టోస్ట్ మిస్ అయ్యానని పెద్దయ్యాక కూడా బాధపడ్డాడు. రుచుల విషయంలో బక్‌లాండ్ తీర్పు ఇది: మోల్ అని నేల తవ్వుకుని బతికే చిన్న జంతువు ఒకటుంది, అన్నిటికంటే ఛండాలం అదే అన్నాడు. తర్వాత పెద్ద నీలి ఈగని తిన్నాడు. తిన్నాక మాట మార్చుకున్నాడు, మోల్‌కి రెండో స్థానం.

కొడుకు ఫ్రాంక్ బక్‌లాండ్ తండ్రిని మించినవాడు. డాక్టరు చదివాడు, తర్వాత ప్రభుత్వం తరఫున సాల్మన్ చేపల ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. లండన్‌లో ఒక జూలో చిరుత చచ్చిపోయిందని ఆలస్యంగా తెలిస్తే, పాతిపెట్టినదాన్ని తవ్వించి తెప్పించుకుని వండించాడు. బాగోలేదట. పాతిపెట్టింది తవ్వి తింటే బాగుంటుందా నాయనా!

ఇక్కడిదాకా వింటే పిచ్చోళ్లలా అనిపిస్తారు. కానీ ఫ్రాంక్ వెనక ఒక సీరియస్ ఆలోచన ఉంది. ఇంగ్లండ్‌లో జనాభా పెరుగుతోంది, మాంసం పేదవాడికి అందట్లేదు. మరి ప్రపంచంలో ఇన్ని జంతువులుంటే మనం ఆవు, గొర్రె, పంది దగ్గరే ఎందుకు ఆగిపోయాం? కొత్తవి తెచ్చి పెంచుదాం అన్నాడు. 1859 జనవరిలో లండన్‌లో ఈలండ్ అనే ఆఫ్రికా జింక మాంసంతో ఒక విందు జరిగింది. డైనోసార్ అనే మాట పుట్టించిన రిచర్డ్ ఓవెన్ కూడా ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు. అందరికీ తెగ నచ్చింది. మరుసటి ఏడాది, 1860లో, ఇలాంటి జంతువుల్ని బ్రిటన్‌లో అలవాటు చెయ్యడానికే ఒక సొసైటీ పెట్టారు. 1862లో ఆ సొసైటీ విందు. చైనా పద్ధతిలో పక్షిగూడు సూప్, సముద్రపు అడుగున పాకే సీ కుకుంబర్, కంగారూ మాంసం, ఇంకా చాలా. సీ కుకుంబర్ తిని ఫ్రాంక్ ఏమన్నాడంటే, జిగురు డబ్బాలో ఉండేదానికి దగ్గర్లో ఉందన్నాడు.

ఒకసారి ఆలోచించండి. పేదవాడికి చవగ్గా మాంసం దొరకాలని పెట్టిన సొసైటీ. విందులో కూర్చున్నది లార్డులు, ప్రొఫెసర్లు, డాక్టర్లు. పేదవాడు ఆ హాల్లో ఉంటే గింటే ప్లేట్లు మోస్తూ ఉండాలి. ఈలండ్ మాత్రం ఈ రోజుకీ ఇంగ్లండ్‌లో మామూలు మాంసం షాపులో దొరకదు.

సరే, ఇదంతా ఇష్టపడి తిన్నవాళ్ల సంగతి. ఇప్పుడు ప్యారిస్‌కి వెళ్దాం. నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఇక్కడే.

1870. ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ, అంటే ఇప్పటి జర్మనీకి ముందున్న రాజ్యానికీ, యుద్ధం. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ సెప్టెంబర్ మొదట్లోనే పట్టుబడ్డాడు. సెప్టెంబర్ 19కల్లా ప్రష్యా సైన్యం ప్యారిస్‌ని నాలుగు వైపులా మూసేసింది. లోపల దాదాపు 20 లక్షల మంది. బయటి నుంచి గింజ రాదు. ఉత్తరాలు బయటికి పంపాలంటే గాలి బెలూన్లే దిక్కు. ముట్టడికి ముందే ఊళ్లోని పెద్ద పార్కుల్లో పశువుల్ని, గొర్రెల్ని తోలి నిల్వ చేశారు కానీ అవెన్నాళ్లు వస్తాయి? తర్వాత గుర్రాల వంతు. గుర్రం మాంసం అమ్మడానికి ఫ్రాన్స్‌లో చట్టం ఒప్పుకున్నదే 1866లో. నాలుగేళ్ల కిందట మొహం తిప్పుకున్నవాళ్లు ఇప్పుడు దానికోసం లైన్లో నిలబడ్డారు. తర్వాత కుక్కలు, పిల్లులు, ఎలుకలు.

ఆ తర్వాత జూ.

డిసెంబర్ 25, ముట్టడి మొదలై 99వ రోజు. వ్వాజాఁ అనే ఖరీదైన రెస్టారెంట్‌లో షెఫ్ షొరోఁ ఒక క్రిస్మస్ మెనూ పెట్టాడు. ఇప్పటికీ నెట్‌లో ఆ కార్డు ఫోటో తిరుగుతూనే ఉంటుంది. కూరి వండిన గాడిద తల. ఏనుగు సూప్. ఒంటె రోస్ట్. కంగారూ కూర. మిరియాల సాస్‌లో ఎలుగుబంటి పక్కటెముకలు. తోడేలు తొడ. చుట్టూ ఎలుకలు పేర్చిన పిల్లి. తాగడానికి 1846 నాటి వైన్. తిండికి కరువే కానీ పాతికేళ్ల వైన్ ఉంది. ఆ ఊరి సెల్లార్లు అలాంటివి మరి.

ప్యారిస్ వాళ్లకి బాగా ముద్దు ఏనుగులు రెండు ఉండేవి. కాస్టర్, పోలక్స్. వీపు మీద పిల్లల్ని ఎక్కించుకుని తిప్పేవి. ఆ డిసెంబర్ చివర్లో రెండిటినీ కాల్చి చంపారు. ఒక కసాయి కొట్టువాడు 27,000 ఫ్రాంకులకి కొన్నాడు. పోలక్స్ తొండం పౌను 40 ఫ్రాంకులకి అమ్మాడు.

ఇక్కడ నేను కాలిక్యులేటర్ తీశాను. అప్పుడు ప్యారిస్‌లో ఫ్యాక్టరీలూ కొట్లూ చాలావరకు మూతపడ్డాయి. ఎన్నో పేద కుటుంబాలకి ఆధారం ఒక్కటే: ఇంట్లో మగవాడు నేషనల్ గార్డ్‌లో చేరితే వచ్చే రోజు భత్యం. ఎంతో తెలుసా? ఒకటిన్నర ఫ్రాంకు. 40ని ఒకటిన్నరతో భాగించండి. ఒక పౌను, అంటే అర కిలో, ఏనుగు తొండానికి 27 రోజుల భత్యం. ఆ 27 రోజులూ ఇంట్లో ఇంకెవరూ ఏమీ తినకుండా ఉంటే!

అంటే "ఆకలికి తట్టుకోలేక ప్యారిస్ జనం ఏనుగుల్ని తిన్నారు" అని మనం రీల్స్‌లో చూసే వాక్యం ఉంది చూశారా, అందులో సగమే నిజం. ఏనుగుని తిన్నది ఆకలితో ఉన్నవాళ్లు కాదు, డబ్బున్నవాళ్లు. అది వాళ్లకి ఆ చలికాలంలో దొరికిన కొత్తదనం. హెన్రీ లబూషేర్ అనే ఇంగ్లిష్ జర్నలిస్టు ఊళ్లోనే ఇరుక్కుపోయి బెలూన్లలో తన పత్రికకి రిపోర్టులు పంపేవాడు. ఆయన కూడా ఏనుగు తిన్నాడు. ముతకగా, గట్టిగా, నూనె నూనెగా ఉంది, గొడ్డు మాంసమో గొర్రె మాంసమో దొరికే ఇళ్లవాళ్లు దీని జోలికి పోవద్దు అని రివ్యూ ఇచ్చాడు. ఫుడ్ వ్లాగర్ భాషే.

మరి ఆకలితో ఉన్నవాళ్లు ఏం తిన్నారు? వాళ్లకి మిగిలింది రొట్టె. జనవరికి అది కూడా మనిషికి రోజుకి 300 గ్రాముల రేషన్. అందులో గోధుమ ఎంతో, ఊకా గడ్డీ ఎంతో తెలియని నల్లటి రొట్టె. దానికోసం ఆడవాళ్లు మంచులో, తెల్లవారకముందే లైన్లో నిలబడేవాళ్లు. చంటిపిల్లలకి పాలు లేవు. చాలామంది పిల్లలు పోయారు. ఆ రొట్టెకి మెనూ కార్డు లేదు. దాని ఫోటో ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. 1871 జనవరి 28న ప్యారిస్ లొంగిపోయింది.

నేను స్కూల్లో, కాలేజీలో ఈ యుద్ధం పేరే వినలేదు. బీటెక్ వాడికి బిస్మార్క్ ఎందుకులే అనుకుంటారు కదా. కానీ ఆ 27 రోజుల లెక్క తేలాక నేను నా తేలు వీడియో మళ్లీ పెట్టుకుని చూశాను.

అందులో నా వెనకాల బండి మీద ఒక బోర్డు కనిపిస్తుంది. ఫోటో తీసుకుంటే 10 బాట్లు. ఖావోసాన్‌లో చాలా బండ్ల మీద ఇలాంటి బోర్డులుంటాయి. ఎందుకంటే తేలు కొనేవాళ్ల కంటే తేలుతో ఫోటో దిగేవాళ్లే ఎక్కువ. అక్కడ తేలు, సాలీడు ముఖ్యంగా మనలాంటి టూరిస్టుల కోసమే. థాయ్ వాళ్లు ఇష్టంగా కొనుక్కుని తినేవి వేరే: వేయించిన కీచురాళ్లు, వెదురు పురుగులు, పట్టుపురుగు ప్యూపాలు. ముఖ్యంగా ఈశాన్యాన ఉన్న ఇసాన్ ప్రాంతం వాళ్లు. ఆ ప్రాంతం వర్షాలు సరిగ్గా పడని ప్రాంతం, బ్యాంకాక్‌కి కూలి పనులకి వచ్చేవాళ్లలో చాలామంది అక్కడివాళ్లే. వాళ్లతోపాటే వాళ్ల తిండి కూడా బ్యాంకాక్ రోడ్ల మీదికి వచ్చింది. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్క ప్రకారం థాయ్‌లాండ్‌లో కీచురాళ్లు పెంచే ఫారాలే దాదాపు 20,000. అదే ఏడాది ఇంకో రిపోర్టులో, ప్రపంచంలో కనీసం 200 కోట్ల మంది సంప్రదాయ భోజనంలో పురుగులు ఉన్నాయని రాశారు. 200 కోట్లు! 2021లో యూరోపియన్ యూనియన్ ఎండబెట్టిన మీల్‌వర్మ్ అనే పురుగుని తిండిగా అమ్ముకోవచ్చని పర్మిషన్ ఇస్తే "ఫ్యూచర్ ఫుడ్" అని హెడ్డింగులు పెట్టారు. ఇసాన్‌లో ముసలమ్మకి అది పోయిన శతాబ్దపు ఫుడ్.

ఇంక మనం.

మా ఊరు చిత్తూరు జిల్లా. తొలకరి వాన పడి వెలిసిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. రెక్కల చెదలు. లైటు వేస్తే ఇల్లంతా అవే. సిటీలో పెరిగినవాళ్లు తలుపులేసుకుని లైట్లార్పేస్తారు. పల్లెల్లో కొన్ని ఇళ్లవాళ్లు మాత్రం ఆ సాయంత్రం కోసం ఏడాదంతా చూస్తారు. పుట్ట పక్కన గుంత తీసి, అందులో దీపం పెట్టి, వెలుగుకి వచ్చి పడ్డవాటిని పోగుచేస్తారు. చేటలో చెరిగితే రెక్కలు ఎగిరిపోతాయి. నూనె అక్కర్లేదు, వాటిలోనే ఉంటుంది. పెనం మీద వేయించి, వేయించిన బియ్యం కలిపి, ఉప్పూ కారం చల్లుకుని తింటారు.

నేను తేలు తిన్న వీడియో మా అవ్వకి చూపించాను. భయపడుతుందనుకున్నా. చూసి, "మేం ఉసిళ్లు తింటిమి కదరా, దీనికి ఏరోప్లేను ఎక్కి పోవల్లా?" అనింది. మా ఇంట్లో కూడా తినేవాళ్లని నాకు ఆ రోజే తెలిసింది. మా నాయనకి టౌన్లో ఉద్యోగం వచ్చాక మానేశారంట. ఎవరూ వద్దనలేదు. ఇరుగుపొరుగు వాళ్లు ఏమనుకుంటారో అని వాళ్లే మానేశారు.

ఇప్పుడు వాడి సంగతి. పేరు చెప్పను.

ఎనిమిదో తరగతి. జూన్‌లో బడి తెరిచిన కొత్త, వానలు కూడా అప్పుడే మొదలయ్యాయి. మధ్యాహ్నం వాడు డబ్బా తెరిచాడు. నేను తొంగిచూశాను. బియ్యంలో ఉసిళ్లు. వాడు ముందు నాకే ఇవ్వబోయాడు, "తిను మామా, బాగుంటాయి" అని. నేను డబ్బా లాక్కుని, పైకెత్తి, క్లాసంతా చూసేలా తిప్పాను. "రేయ్, వీడు పురుగులు తింటాడు రా!" అమ్మాయిలు అరిచారు. అందరూ నవ్వారు. నాకు ఆ నవ్వు చాలా నచ్చింది. ఇప్పుడు వ్యూస్ కౌంట్ పెరుగుతుంటే ఎలా ఉంటుందో అలాంటి ఫీలింగ్. ఉసిళ్లోడు అన్నాను, పేరు అతుక్కుపోయింది. టెన్త్ అయ్యేదాకా అదే. వాడు ఆ మరుసటి రోజు నుంచి క్లాసులో డబ్బా తెరవలేదు. బెల్లు కొట్టగానే ఇంటికి నడిచిపోయేవాడు, తిరిగి నడిచొచ్చేవాడు. రానూ పోనూ నాలుగు కిలోమీటర్లు. వాడెందుకు అలా పోతున్నాడో ఆ రెండున్నరేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆలోచించలేదు.

గ్రూపులో ఆ లైను చూశాక ఫోన్ చేశాను. సారీ చెప్పాను. "ఇప్పుడెందుకు లేరా" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే అడిగాడు, తేలు ఎంత అని. రేటు చెప్పాను. ఇంత డబ్బా అని ఫోన్లోనే పడీపడీ నవ్వాడు. నవ్వి, "మా పాపకి ఆరేళ్లు. దానికి ఉసిళ్లంటే ప్రాణం. బడికి మాత్రం కట్టివ్వను" అన్నాడు.

దానికి నా దగ్గర మాట లేదు.

మొన్న మొదటి వాన పడిన రోజు మెసేజ్ పెట్టాడు, రేపు లేస్తాయి, రా అని. బెంగుళూరు నుంచి బస్సెక్కి పోయాను. కెమెరా బ్యాగు చూసి, "అది బయటికి తియ్యకు" అన్నాడు. తియ్యలేదు. అందుకే ఈ ఎపిసోడ్‌లో పుట్ట లేదు, దీపం లేదు, మీరు నా ముఖం తప్ప ఏమీ చూడట్లేదు. వాళ్ల పాప చేటలో చెరుగుతుంటే రెక్కలు నా జుట్టునిండా పడ్డాయి, ఇంటికొచ్చి తల దువ్వుకుంటే ఇంకా రాలుతున్నాయి. వేయించాక వేరుశనక్కాయల వాసన. కరకరలాడతాయి, కొంచెం వెన్న రుచి. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. వాడు అమ్మే టమాటాల రేటు గురించి తిట్టుకుంటూ తిన్నాడు. పేరు సంగతి ఇద్దరం ఎత్తలేదు.